తిన్న తర్వాతే ఎందుకో నాకెవరూ చెప్పలేదు

సద్దుల బతుకమ్మ మరునాడు పొద్దున దుకాణం తెరుస్తుంటే ఎడమకాలి పిక్కలో ఏదో పట్టేసినట్టయింది. వరంగల్ చౌరస్తాకు దగ్గరలో మాకు స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. దసరా నుంచి ధనత్రయోదశి దాకా మాకు కూర్చునే తీరిక దొరకదు. పైగా ముందురోజు సాయంత్రమంతా బతుకమ్మ ఆడాను. కాలు నొప్పి పెట్టడంలో వింతేమీ కనిపించలేదు. మా ఆయన వీరేశం గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే వైద్యం చెప్పేశాడు.

"నిన్న గంతసేపు ఎగిరినవ్ గదా, పట్టుకోదా మరి? జర బాం రాసుకో, పోతది."

బాం రాశాను. పోలేదు. సాయంత్రానికి ఎడమకాలి పట్టగొలుసు చర్మంలోకి దిగి అచ్చు పడింది. కుడికాలిది మాత్రం ఎప్పటిలాగే వదులుగా ఉంది. దసరా పండుగ పూట పిక్క ఎర్రగా కమిలి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. అప్పుడు మా ఆయనకు కూడా భయం పుట్టి, హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోయాడు.

డ్యూటీ డాక్టరు పిక్క నొక్కి చూసి డాప్లర్ స్కాన్ చేయించాడు. "డీవీటీ అమ్మా, డీప్ వెయిన్ థ్రాంబోసిస్. కాలు లోపలి సిరలో రక్తం గడ్డ కట్టింది. అది జారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. అలా పోకుండా బ్లడ్ థిన్నర్ ఇస్తాం. అడ్మిషన్ అక్కర్లేదు, ఇంటి దగ్గరే వాడుకోవచ్చు" అన్నాడు. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఈ మధ్య ఆపరేషన్ ఏమన్నా అయిందా, దూర ప్రయాణం చేశారా అని అడిగాడు. అన్నిటికీ లేదనే చెప్పాను.

మందులు తెచ్చాక వాటిని ఎలా వాడాలో చెప్పింది స్వరూప అనే సిస్టరు. ఏటూరునాగారం వైపు అమ్మాయి, సన్నగా, చురుగ్గా ఉంది. ఒక చేత్తో నా చేతికున్న సూది తీస్తూ, పక్క మంచం మీద మూలుగుతున్న ముసలాయనకు "వస్తాన తాతా, వస్తాన" అని జవాబిస్తూ, నాతో చెప్పింది.

"ఇవి మూడు వారాలు ఆంటీ, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అవి అయిపోయినంక గీ పెద్ద పవర్‌ది రోజుకొకటి. తిన్న తర్వాత ఏసుకోవాలె. గీ గ్యాస్ గోళీ తినకముందు. దెబ్బలు తాకకుంట చూసుకోండ్రి, రక్తం కారితే వెంటనే రండ్రి."

నేను తలూపాను. ఆమె ముసలాయన దగ్గరికి పరుగెత్తింది. నా ప్రాణాన్ని నిలబెట్టాల్సిన మందు గురించి నాకు దొరికిన చదువు అంతే.

మొదటి మూడు వారాలు అంతా బాగుంది. కాలు వాపు దిగింది, పట్టగొలుసు మళ్లీ వదులైంది. ధనత్రయోదశి గిరాకీ కూడా నేనే చూసుకున్నాను. దీపావళి వెళ్లేసరికి రెండుపూటల గోళీలు అయిపోయి, రోజుకొకటి మొదలైంది. సరిగ్గా అప్పుడే కార్తీకం వచ్చింది.

కార్తీకం నెలంతా నేను ఒక్కపొద్దు ఉంటాను. పెళ్లి కాకముందు మా అమ్మ వెంట మొదలుపెట్టింది, ఇప్పటిదాకా విడవలేదు. పగలు చాయ్, మరీ నీరసమైతే ఒక పండు. సాయంత్రం దీపం పెట్టి, చుక్కలు కనిపించాక అన్నం. మా వైపు ఇంటికొకరన్నా ఇలా ఉంటారు. ఇదేమీ దాచుకునే సంగతి కాదు, అడిగితే చెప్పే సంగతి.

ఇక గోళీ. రోజుకొకటి అంటే మా ఇంట్లో పొద్దున్నే. మా ఆయన బీపీ గోళీ పొద్దున్నే వేసుకుంటాడు, నేనూ ఆయన పక్కనే నిలబడి వేసుకునేదాన్ని. తిన్న తర్వాత వేసుకోమన్న మాట మరచిపోలేదు. కానీ మీరే చెప్పండి, మనకు ఏ గోళీకి ఆ మాట చెప్పరు? జ్వరం గోళీకీ అదే మాట, ఒళ్లునొప్పుల గోళీకీ అదే మాట. ఎందుకంటే కడుపులో మంట రాకుండా అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మంట రాకుండా చేసే గ్యాస్ గోళీ వాళ్లే ఇచ్చారు కదా. అందుకని ముందు అది వేసుకొని, చాయ్ తాగి, ఆ తర్వాత రక్తం గోళీ వేసుకున్నాను. జాగ్రత్తగానే ఉన్నానని మా ఆయన మెచ్చుకున్నాడు కూడా.

"మంచి ఉపాయం జేసినవే. మందు తప్పలె, ఒక్కపొద్దు తప్పలె."

కార్తీక పున్నమి దాటాక ఒక సోమవారం, పైఅరలోని ఇత్తడి బిందె దించడానికి నిచ్చెన ఎక్కుతుంటే ఊపిరి ఆడలేదు. రెండు మెట్లకే రొప్పు. గాలి పీల్చినప్పుడల్లా కుడి పక్కటెముకల కింద సూదితో పొడిచినట్టుంది. దిగి స్టూలు మీద కూర్చున్నాను.

"ఒక్కపొద్దులకు నీరసమైతాంది నీకు. కొబ్బరినీళ్లు తెప్పియ్యన్నా?" అన్నాడు మా ఆయన.

"వద్దు, జర కూసుంట" అన్నాను. అన్నానో లేదో, కళ్లు తిరిగి పక్కనున్న పళ్లేల దొంతర మీద పడ్డాను. ఆ చప్పుడుకు బజారంతా మా దుకాణం ముందుకొచ్చిందట. నాకు తెలివి వచ్చింది ఆటోలో ఒకసారి, అదే ఆసుపత్రి ఎమర్జెన్సీ దీపాల కింద ఒకసారి.

"సాచురేషన్ పడిపోతుంది, ఆక్సిజన్ పెట్టండి" అని ఎవరో అరుస్తున్నారు. సీటీ పల్మనరీ యాంజియో అనే స్కాన్ చేశారు. పల్మనరీ ఎంబోలిజం అన్నారు, రెండువైపులా అన్నారు. కాలిలో గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఐసీయూలో పడుకోబెట్టి పొట్టలో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. చచ్చిపోతానేమో అని నిజంగా అనుకున్నాను. మా ఆయన చేయి పట్టుకొని ఏదేదో చెప్పబోయాను, మాస్కులో మాట బయటికి రాలేదు.

ఐసీయూ పెద్ద డాక్టరు మా ఆయనను అడిగిన మొదటి ప్రశ్న: "టాబ్లెట్లు మానేశారా?"

"ఒక్కటి గూడ తప్పలే సార్" అని మా ఆయన జేబులోంచి ఖాళీ షీట్లు తీసి చూపించాడు.

అక్కడి నుంచి మా నరకం మొదలైంది. మందు వాడుతుండగానే మళ్లీ క్లాట్ వచ్చిందంటే లోపల వేరే కారణం ఉండొచ్చు, మాలిగ్నెన్సీ రూల్ అవుట్ చేయాలి అన్నారు. మాలిగ్నెన్సీ అంటే ఏమిటని మా ఆయన బయట ఎవరినో అడిగాడు. కేన్సర్ అని చెప్పారు. పొట్టకు స్కాన్, రొమ్ముకు పరీక్ష, రకరకాల రక్తపరీక్షలు. ప్రతి రిపోర్టుకూ ఆయన మెట్ల మీద కూర్చొని ఎదురుచూసేవాడు. నా ముందుకొచ్చినప్పుడు "ఏం ఫికర్ చెయ్యకు" అనేవాడు. గడ్డం పెరిగిపోయి, వారంలో ముసలివాడైపోయాడు. కేన్సర్ ఉంటే ఉంది, లేకపోతే లేదు, కానీ ఆ మనిషిని అలా చూడలేకపోయాను.

ఇంతమంది డాక్టర్లు, ఇన్ని యంత్రాలు. ఆ గోళీ ఎప్పుడు, దేనితో వేసుకున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

విషయం బయటపడింది అనుకోకుండా. ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక ఒక పొద్దున పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చారు.

"ఆ టాబ్లెట్ మీకు పనిచేయలేదమ్మా. వార్ఫరిన్ అనే వేరే బ్లడ్ థిన్నర్‌కు మారుద్దాం. తరచూ ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేయించుకోవాలి. తిండి రోజూ ఒకే తీరుగా ఉండాలి. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకూడదు."

"రోజూ ఒకే తీరు ఎట్ల కుదురుతది సార్? కార్తీకం ఒడవనియ్యండ్రి. దవాఖానల పడితిని గని, నెలంత ఒక్కపొద్దే ఉండేదాన్ని."

ఆయన రాస్తున్న పెన్ను ఆపారు. "ఒక్కపొద్దు అంటే? పగలు ఏమీ తినరా?"

"చాయ్ తాగుత. దీపం పెట్టినంక అన్నం తింట."

"మరి ఆ టాబ్లెట్ ఎప్పుడు వేసుకునేవారు?"

"పొద్దుగాల. ముందుగాల గ్యాస్ గోళీ ఏసుకొని, చాయ్ తాగి ఏసుకునేది."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఖాళీ కడుపుతోనా? ఆ టాబ్లెట్ కడుపునిండా తిని వేసుకోవాలమ్మా! తిండి లేకపోతే మందు పూర్తిగా రక్తంలోకి చేరదు. తిన్న తర్వాత అని చెప్పలేదా మీకు? కాలిలో అంత క్లాట్ పెట్టుకొని ఉపవాసాలేంటి? చదువుకున్నవాళ్లే కదా!"

అంతే. ఒంట్లో మిగిలిన శక్తంతా నోట్లోకి వచ్చింది.

"జర ఆగు సార్. చెప్పిండ్రు, తిన్నంక అని చెప్పిండ్రు. ప్రతి గోళీకి చెప్పినట్టే దీనికీ చెప్పిండ్రు. తినకుంటే కడుపు మండుతదని అనుకున్న, మందే పనిచెయ్యదని ఎవరన్న చెప్పిండ్రా? ఇన్సూరెన్స్ కార్డు మల్ల మల్ల అడిగిండ్రు. ఎప్పుడు తింటవమ్మా, ఏం తింటవమ్మా అని ఒక్కలన్న అడిగిండ్రా? అడిగితే చెప్పకపోదునా?"

"ఏమే, ఊకో, సార్‌తోని గట్లనా మాట్లాడేది?" అని మా ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"ఎందుకూకుంట? నేను కుక్కర్ అమ్ముత సార్. గాస్కెట్ ఎట్ల పెట్టాలె, విజిల్ ఎట్ల కడగాలె చూపిస్త. చూపిచ్చి ఊరుకోను, కొన్న మనిషి చేతనే మూత పెట్టిచ్చి, తీయిచ్చి, అప్పుడు పంపుత. పేలితే ఆమె మీదనే పడతదని. మీరు నా చేతుల ప్రాణం పెట్టి, తిన్నంక అని ఒక్కమాట చెప్పి తోలిచ్చిండ్రు. నాకు కేన్సర్ ఉన్నదని గీ మనిషిని సగం చంపిండ్రు. ఇప్పుడు నేనే తప్పు జేసిన్నా?"

దగ్గు తెర వచ్చి ఆగిపోయాను గానీ ఇంకా చాలా ఉండింది. చుట్టుపక్కల మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. డాక్టరు వెళ్లిపోయారు. మధ్యాహ్నం ఒక్కరే వచ్చి, స్టూలు లాక్కొని కూర్చొని, ఈసారి నెమ్మదిగా అంతా చెప్పారు. వార్ఫరిన్ అక్కర్లేదన్నారు. మిగిలిన కేన్సర్ పరీక్షలు కూడా వద్దన్నారు. ముందు కొన్నాళ్లు ఇంజెక్షన్లు, తర్వాత మళ్లీ అదే టాబ్లెట్. నేను అడిగాను, ఒక్కపొద్దు ఉంటే ఏం చేయాలని. ఆయన చెప్పిన జవాబు విని ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"రోజుకొకటే కదమ్మా. పొద్దున కాకుండా సాయంత్రం అన్నం తిన్నాక వేసుకుంటే సరిపోయేది. రోజూ ఆ వేళకే."

సరిపోయేదట! దేవుడికీ లోటు లేదు, మందుకూ లోటు లేదు. దసరా నాడు ఎవరన్నా నా తిండి వేళ అడిగి ఈ ఒక్కమాట చెప్పి ఉంటే నా ఊపిరితిత్తులు బాగుండేవి. ఆయన సారీ అంటారేమోనని డిశ్చార్జి దాకా చూశాను. అనలేదు.

వచ్చిందల్లా ఎమర్జెన్సీ నర్సుల ఇన్‌చార్జి సుజాత సిస్టరు. నాకంటే కొంచెం చిన్నదేమో, నవ్వుముఖం.

"మీ మాటలు కింద ఎమర్జెన్సీ దాకా వినబడ్డయ్ అక్కా. మా సిస్టర్లకు ఈ బ్లడ్ థిన్నర్ల మీద ట్రైనింగ్ పెట్టియ్యాలని ఎప్పటిసంది అడుగుతాన. ఇప్పుడు ఒప్పుకున్నరు. వచ్చి గవే మాటలు జర మెల్లగ చెప్తరా?"

"వస్త. మెల్లగ చెప్పుడు మాత్రం నాతోని కాదు" అన్నాను.

సంక్రాంతి వెళ్లాక పిలిచారు. మెట్లు ఎక్కితే ఇంకా ఆయాసం వస్తున్న రోజులవి, మా ఆయన చేయి పట్టుకొని హాలుకు పోయాను. నర్సులంతా కుర్చీల్లో ఉన్నారు, పెద్ద డాక్టరు తెర మీద పాఠం చూపిస్తున్నారు. అంతా ఇంగ్లీషు. ఒక బొమ్మ దగ్గర ఆగి నా కేసు చెప్పారు. పేరు లేదు, వయసుంది. దాని కింద ఎర్ర అక్షరాల్లో 'నాన్ కంప్లయంట్' అని ఉంది.

పక్కనున్న సిస్టరును అడిగాను, దాని అర్థమేమిటని. ఆమె ఇబ్బందిగా చెప్పింది: "అంటే... చెప్పిన మాట వినని పేషెంట్ అని."

లేచి నిలబడ్డాను. "సార్, ఒక్క గోళీ తప్పని మనిషిని మాట విననిదని రాసిండ్రా? మీరు చెప్పని మాట నేనెట్ల వింట?"

సుజాత సిస్టరు ముందుకొచ్చి తెర ఆపేసింది. "సార్, కొంచెంసేపు అక్కనే పేషెంట్ అనుకుందాం" అని నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, గోళీల షీటు నా చేతిలో పెట్టింది. ఎవరన్నా వచ్చి నాకు దీని గురించి చెప్పమంది. ఒక సీనియర్ సిస్టరు వచ్చి, చక్కగా నవ్వి, తిన్న తర్వాత వేసుకోవాలమ్మా అంది.

"ఎందుకు?" అన్నాను.

"కడుపులో మంట రాకుండా."

హాలులో సగంమంది తలలూపారు. ఇన్నాళ్లూ వాళ్లు తెలిసీ నాకు చెప్పలేదనుకున్నాను. వాళ్లకే తెలియదు.

డాక్టరు గొంతు పెంచారు. "సిస్టర్, ఇన్నేళ్ల ఎక్స్‌పీరియెన్స్ ఉంది, ఇది తెలియదా మీకు?"

అచ్చం నన్నడిగినట్టే. అప్పుడు వెనక వరుసలోంచి స్వరూప లేచింది. దసరా నాడు నాకు మందులిచ్చిన అమ్మాయి. ఆమెను దొరకబుచ్చుకొని దులిపేయాలని మంచం మీద ఎన్నిసార్లు అనుకున్నానో.

"మాకు ఎవరు చెప్పిండ్రు సార్? కొత్త మందు వస్తది, షీటు మీద ఉన్నది చదివి చెప్తం. ఒక్క పేషెంట్ కాడ జర ఎక్కువసేపు నిలబడితే, బెడ్ ఎందుకు ఖాళీ కాలేదని ఫోన్ వస్తది. ఆంటీ, ఆ రోజు మీకు చెప్పినప్పుడు నాకు గూడ గ్యాస్ కోసమనే తెలుసు" అని ఏడ్చేసింది.

నా కోపం పోలేదు. కానీ ఆ పిల్ల మీది నుంచి తప్పుకుంది. పెద్ద పెద్ద బోర్డులు పెట్టి, ఎమర్జెన్సీ సేవలు రాత్రింబవళ్లు అని రాసి, లోపల ప్రాణం మీది మందు చేతికిచ్చే మనిషికి దాని గురించి నేర్పని వాళ్ల మీదికి పోయింది. ఆ మాట అక్కడే అన్నాను. డాక్టరు తల దించుకొని, తర్వాత "కరెక్టే" అన్నారు. ఇంతకాలానికి అదొక్కటి దక్కింది.

ఆ మధ్యాహ్నం అసలు పాఠం జరిగింది. నేను మొండి ముసలమ్మనయ్యాను, కేసముద్రం మార్కెట్‌కు మిర్చి తెచ్చి, బేరమయ్యేదాకా మెతుకు ముట్టని రైతు భార్యనయ్యాను, రఘునాథపల్లి దగ్గర పత్తి ఏరబోయి పొద్దున అంబలి మాత్రమే తాగే కూలిమనిషినయ్యాను. స్వరూప నన్ను అడగడం నేర్చుకుంది: "పొద్దున ఏం తింటరు? కడుపునిండ అన్నం తినేది ఏ పూట? ఏ వారం ఒక్కపొద్దుంటరు?" అన్నీ అడిగి, ఆ వేళకు గోళీ పెట్టి, చివర "నేను చెప్పింది ఒకసారి నాకే చెప్పండ్రి" అనాలి. పేషెంట్ తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. నొప్పులకని ఊళ్లో సూది వేయించుకోవద్దనీ, విరేచనం నల్లగా పోతే వెంటనే రావాలనీ, గోళీలు తామంతట తాము ఆపొద్దనీ కూడా అలాగే చెప్పించుకోవాలి. ఒకామె మరీ తొందరగా చెబితే "నాకు చెవుడు బిడ్డా" అని ఏడిపించాను. అందరూ నవ్వారు. చాలా రోజులకు నాకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. గోళీ ఇంకా వాడుతున్నాను, ఇంకెంతకాలమో డాక్టరు చూసి చెబుతారు. పోయిన కార్తీకంలో డాక్టరును అడిగే ఒక్కపొద్దు ఉన్నాను, సాయంత్రం అన్నం తిన్నాక గోళీ వేసుకున్నాను. నిచ్చెన మాత్రం మా ఆయన ఎక్కనివ్వడు.

ఈమధ్య మా పక్క బట్టల దుకాణమాయన తల్లికి నాకులాగే కాలు వాచింది. నేనే తోడు వెళ్లాను, అదే ఎమర్జెన్సీకి. సుజాత సిస్టరు ఆ రోజు లేదు, స్వరూప హైదరాబాద్ వెళ్లిపోయిందట. ట్రైనింగ్ తీసుకున్న వాళ్లలో సగంమంది వేరే చోట్లకు మారిపోయారు. కొత్తమ్మాయి ఒకతె, పాపం చేతి నిండా పని, వచ్చి మందులు చేతిలో పెట్టి "తిన్న తర్వాత ఏసుకో అమ్మమ్మా" అని పక్క మంచం వైపు తిరిగింది. ముసలామె తలూపింది.

నేను అడిగాను. "అత్తమ్మా, శనివారం శనివారం ఒక్కపొద్దుంటవ్ గదా. ఆ రోజు ఏం జేస్తవ్?"

"ఏమున్నదే? గ్యాస్ గోళీ ఏసుకొని, చాయ్ తాగి ఏసుకుంట" అంది, నవ్వుతూ.

ఆ కొత్తమ్మాయిని వెనక్కి పిలిచి, ఆమె ఒక్కపొద్దు సంగతి చెప్పి, గోళీ వేళలు మళ్లీ మొదటి నుంచి చెప్పించాను. ఒకసారి నేర్పి ఫోటోలు దిగితే అయిపోతుందా? కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ మొదటి వారమే ఇది నేర్పాలని, ఇది చెప్పడానికయ్యే సమయాన్ని పనిలో లెక్కవేయాలని ఆ రోజే పెద్ద డాక్టరు గది ముందు కూర్చొని చెప్పి వచ్చాను. చేస్తామన్నారు. చేశారో లేదో చూడటానికి మళ్లీ వెళ్తాను.

వాళ్లు చేసేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. రక్తం పలచబరిచే మందులన్నీ ఒకటి కావు, కొన్నిటికి తిండితో పనిలేదు, కొన్నిటికి తిండి లేకపోతే పనే లేదు. మీకిచ్చింది ఏదో, దాన్ని ఎలా వాడాలో మీరే ఊహించుకోవద్దు. మీరు ఏ వేళ తింటారో, ఏ రోజు తినరో మీరే నోరు తెరిచి చెప్పండి. ఎందుకు తిన్న తర్వాత అని అడగండి. విన్నది మీ మాటల్లో తిరిగి ఆ సిస్టరుకు చెప్పి, ఆమె సరే అన్నాకే మంచం దిగండి. వెనక ఎవరో బెడ్ ఖాళీ చేయమని తొందర పెడతారు. పెట్టనివ్వండి, దిగకండి.